ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చుకోవచ్చా? ‘ఐ3 తీసేసి ఐ5 వేస్తాం’ అంటే డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు.

“అన్నా, నా ల్యాప్‌టాప్‌లో ఐ3 తీసేసి ఐ5 వేస్తానంటున్నాడు షాపాయన. 14 వేలట. ఇవాళ ఇస్తే రేపు సాయంత్రానికి రెడీ అంట. వేయించేయనా?”

వెనక నుంచి పిన్ని గొంతు వినిపిస్తోంది. “వాడికేదో ఒకటి చెప్పు నాన్నా, పొద్దున్నుంచీ ఇదే గొడవ.”

ఆ ల్యాప్‌టాప్ 2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసం నేనే దగ్గరుండి కొనిపించాను. కోర్ ఐ3-1115జీ4 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. అప్పట్లో జూమ్ క్లాసులకి బాగానే సరిపోయింది. ఇప్పుడు వాడు ఆండ్రాయిడ్ స్టూడియో ఓపెన్ చేస్తే టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోందట.

“డబ్బులు ఇవ్వకు. ల్యాప్‌టాప్ కూడా అక్కడ వదిలి రాకు” అన్నాను. ఎందుకో వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ అరగంట మాటల్నీ ఇక్కడ పెడుతున్నా.

ముందు సూటిగా సమాధానం. మీ ల్యాప్‌టాప్ 2015 తర్వాత వచ్చిన మోడల్ అయితే, వేళ్ల మీద లెక్కపెట్టే కొన్ని మోడల్స్‌ని పక్కన పెడితే, ప్రాసెసర్‌ని మీరు మార్చుకోలేరు. డెస్క్‌టాప్‌లో లాగా సాకెట్ లివర్ ఎత్తి పాతది తీసి కొత్తది పెట్టడం కుదరదు. చిప్‌ని నేరుగా మదర్‌బోర్డ్‌కి సోల్డర్ చేసేసి ఉంటారు.

అంతకు ముందు మాత్రం కథ వేరు.

ఒక్క అక్షరం తేడా

2013లో లెనోవో నుంచి థింక్‌ప్యాడ్ టీ440, టీ440పీ అని రెండు మోడల్స్ వచ్చాయి. పేర్లలో తేడా ఒక్క ‘పీ’. రెండింట్లోనూ నాలుగో తరం ఇంటెల్ చిప్‌లే. టీ440లో ఐ5-4300యూ ఉంటే, టీ440పీలో ఐ5-4300ఎం ఉండేది. స్టిక్కర్ మీద రెండూ కోర్ ఐ5. రెండింటికీ రెండేసి కోర్‌లు, నాలుగేసి థ్రెడ్‌లు. కానీ ‘యూ’ చిప్ 15 వాట్లది, బోర్డుకి అతికించి ఉంటుంది. ‘ఎం’ చిప్ 37 వాట్లది, సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. టీ440 కొన్నవాళ్లు ఈరోజుకీ అదే చిప్‌తో ఉన్నారు. టీ440పీ కొన్నవాళ్లలో చాలామంది నాలుగు కోర్‌ల ఐ7 వేసుకున్నారు.

నేనూ వేసుకున్నాను. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న రీఫర్బిష్డ్ టీ440పీ అది. ఏదో కంపెనీ లీజు ముగిసి బయటికొచ్చిన బాపతు. దానికి ఐ7-4712ఎంక్యూ వెతికి తెప్పించాను. అదే తరంలో 4800ఎంక్యూ లాంటి ఇంకా స్పీడ్ చిప్‌లు ఉన్నాయి, కానీ అవి 47 వాట్లవి. 4712ఎంక్యూ మాత్రం పాత ఐ5 లాగే 37 వాట్లకే నాలుగు కోర్‌లు ఇస్తుంది. పాత హీట్‌సింక్ మీద కొత్త భారం వేయడం ఇష్టం లేక దాన్నే పట్టుకున్నా.

మార్చడం అనుకున్నంత భయంకరంగా లేదు. బ్యాటరీ తీసేసి, వెనక భాగం విప్పి, హీట్‌సింక్ స్క్రూలు దాని మీద రాసి ఉన్న నంబర్ల వరసలో కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోవాలి. ఒకే మూల పూర్తిగా విప్పేస్తే బరువంతా రెండో పక్క చిప్ మీద పడుతుంది. ల్యాప్‌టాప్ చిప్‌లకి డెస్క్‌టాప్ చిప్‌ల మాదిరి పైన రేకు మూత ఉండదు, సిలికాన్ ముక్క నేరుగా పైకే కనిపిస్తుంది. అంచు చిట్లితే చిప్ పోయినట్టే. సాకెట్ పక్కన చిన్న స్క్రూ లాంటిది ఉంటుంది. దాన్ని సగం తిప్పు తిప్పితే చిప్ వదులై చేతికొస్తుంది. కొత్త చిప్ మూలనున్న త్రిభుజం గుర్తు, సాకెట్ మీద గుర్తు కలిపి పెట్టి, నొక్కకుండా వదిలేస్తే దానంతటదే కూర్చుంటుంది. మళ్లీ సగం తిప్పు, థర్మల్ పేస్ట్, హీట్‌సింక్.

అన్నీ బిగించి పవర్ నొక్కితే ‘ఫ్యాన్ ఎర్రర్’ అని ఒక మెసేజ్ చూపించి ఆఫ్ అయిపోయింది. ఫ్యాన్ వైర్ పెట్టడం మర్చిపోయాను. మళ్లీ విప్పడం, మళ్లీ బిగించడం. రెండోసారి బూట్ అయ్యి, టాస్క్ మేనేజర్‌లో ఎనిమిది గ్రాఫ్‌లు కనిపించినప్పుడు కలిగిన ఆనందం వేరే లెవెల్.

అప్పట్లో కూడా ఏ చిప్ పడితే ఆ చిప్ పట్టేది కాదు. మొదటి తరం కోర్ ఐ సిరీస్ సాకెట్ జీ1, ఆ తర్వాతి రెండు తరాలది జీ2. రెండింటికీ 988 పిన్నుల లెక్కే, అయినా దీని చిప్ దాంట్లో పనిచేయదు. సాకెట్ సరిపోయినా ఆ చిప్ గురించి బయోస్‌కి తెలిసి ఉండాలి. లేదంటే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చేసే పని ఒకటే: అదే మోడల్‌ని కంపెనీ ఏయే ప్రాసెసర్లతో అమ్మిందో చూసుకుని, ఆ లిస్టులోనే పైది ఎంచుకుంటారు.

ఇక ఐదో తరం, అంటే బ్రాడ్‌వెల్ నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకి సాకెట్ వెర్షనే ఆపేసింది. ఏఎండీ కూడా దాదాపు అప్పుడే ల్యాప్‌టాప్ సాకెట్లకి నమస్కారం పెట్టేసింది.

టీ440పీ లాంటివి ఇప్పుడు అప్‌గ్రేడ్ కోసమే కొనచ్చా? సరదాకైతే కొనండి, చేతులతో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మెషీన్ దొరకదు. కాలేజీ పనికి ఏకైక ల్యాప్‌టాప్‌గా అయితే వద్దు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా సపోర్ట్ ఉంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నాలుగో తరంలో టాప్ చిప్ వేసినా ఈ గోడ దాటదు. లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు. ఇంకో లెక్క కూడా చూడండి. నేను అంత కష్టపడి తెచ్చుకున్న నాలుగు కోర్‌లు, ఎనిమిది థ్రెడ్‌లని 2017లో వచ్చిన ఐ5-8250యూ 15 వాట్లకే ఇచ్చేసింది.

అతికించడం మొదలైందెందుకు?

2011లో ఇంటెల్ ‘అల్ట్రాబుక్’ అనే పేరు తెచ్చింది. 14 అంగుళాలు, అంతకు మించిన స్క్రీన్ ఉన్నవాటి మందం 21 మిల్లీమీటర్లు దాటకూడదు, చిన్నవాటిది 18 దాటకూడదు అని షరతు పెట్టింది. ఇంత సన్నటి బాడీలో సాకెట్, దాని మీద చిప్, దాని మీద హీట్‌సింక్ అంటే ప్రతి మిల్లీమీటరూ లెక్కే. సాకెట్ తీసేస్తే కొంత ఎత్తు మిగులుతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

అలా వచ్చిందే బీజీఏ. చిప్ కింద పిన్నులుండవు, చిన్న చిన్న టంకం గుండ్లు ఉంటాయి. మా తమ్ముడి ఐ3-1115జీ4 కింద అలాంటి కాంటాక్టులు 1449. ఐ5-1240పీ అయితే 1744. ఫ్యాక్టరీలో వేడి చేసినప్పుడు ఆ గుండ్లన్నీ కరిగి బోర్డుకి పట్టుకుంటాయి. మళ్లీ ఊడదీయాలంటే సీసం లేని ఆ టంకం కరిగే దాకా, అంటే 217 డిగ్రీలు దాటేదాకా చిప్ మొత్తాన్ని సమానంగా వేడి చేయాలి. పక్కనున్న పార్టులు కాలకూడదు, బోర్డు వంగకూడదు. తర్వాత కొత్త చిప్‌ని వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాలి. ఇది ఇంట్లో హాట్ ఎయిర్ గన్‌తో చేసే పని కాదు.

కంపెనీలు కావాలనే ఇలా చేశాయని తిట్టేవాళ్లున్నారు. ప్రాసెసర్ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోను. సాకెట్ ఉన్న రోజుల్లో కూడా దాన్ని విప్పి చూసింది మనలాంటి పిచ్చోళ్లే. మామూలు జనం సన్నగా, తేలిగ్గా, ఛార్జింగ్ ఎక్కువసేపు ఆగేది అడిగారు, అదే వచ్చింది. ర్యామ్‌ని కూడా అతికించేసి, పెంచిన ప్రతి 8 జీబీకీ బోలెడు వసూలు చేస్తారు చూడండి, నా కోపమంతా దాని మీదే.

ఇక్కడ చిన్న పిడకల వేట. చాలామంది టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ కింద ‘సాకెట్స్: 1’ అని చూసి “నా ల్యాప్‌టాప్‌లో సాకెట్ ఉంది కదా బ్రో” అంటారు. అది ఎన్ని ప్రాసెసర్ చిప్‌లు ఉన్నాయో చెప్పే లెక్క మాత్రమే. సోల్డర్ చేసిన దానికీ 1 అనే చూపిస్తుంది. నిజం తెలియాలంటే ఇంటెల్ వెబ్‌సైట్లో మీ చిప్ నంబర్ కొట్టి, సాకెట్ అన్నచోట ఏముందో చూడండి. అక్కడ ‘ఎఫ్‌సీబీజీఏ’ అని ఉంటే అతికించిందే. అసలు చిప్ నంబర్ చివర యూ, పీ, హెచ్, హెచ్ఎక్స్, వీ, ఇలా ఏ అక్షరమున్నా కొత్త తరాల్లో అన్నీ బీజీఏలే.

వేళ్ల మీద లెక్కపెట్టేవి

కొన్ని కంపెనీలు డెస్క్‌టాప్ చిప్‌నే తెచ్చి ల్యాప్‌టాప్‌లో పెట్టాయి. 2017లో వచ్చిన అసూస్ ఆర్ఓజీ జీఎల్702జెడ్‌సీలో రైజెన్ 7 1700 ఉండేది, మామూలు ఏఎం4 సాకెట్‌లోనే. 2019లో ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం వచ్చింది, కోర్ ఐ9-9900కే దాకా వేసుకునే వీలుతో. అప్‌గ్రేడ్ చేసుకోవచ్చన్నదే దాని ప్రచారం. కానీ తర్వాతి ఏడాదే పదో తరం డెస్క్‌టాప్ చిప్‌లు వేరే సాకెట్‌కి మారిపోయాయి. అంత డబ్బు పోసి కొన్నవాళ్లకి మార్చుకోవడానికి పైన చిప్పే లేకుండా పోయింది. దీని మీద 2021లో అమెరికాలో కోర్టు కేసు కూడా పడింది. సాకెట్ ఉన్నంత మాత్రాన భవిష్యత్తు చేతిలో ఉన్నట్టు కాదన్నమాట.

నాకు ఇంతకన్నా తెలివైన దారి అనిపించింది ఫ్రేమ్‌వర్క్‌ది. ఆ అమెరికా కంపెనీ 2021లో 11వ తరం ఇంటెల్‌తో మొదటి ల్యాప్‌టాప్ తెచ్చింది. అందులోనూ చిప్ సోల్డర్ చేసిందే. కాకపోతే మదర్‌బోర్డ్ మొత్తాన్నీ మనమే విప్పి కొత్త బోర్డు పెట్టుకోవచ్చు. అదే 13 అంగుళాల బాడీకి 12, 13 తరాల ఇంటెల్ బోర్డులు, ఆ తర్వాత రైజెన్ బోర్డులూ వచ్చాయి. ఇంటెల్ నుంచి రైజెన్‌కి వెళ్తే డీడీఆర్4 ర్యామ్ తీసి డీడీఆర్5 కొనాలి, అదొక అదనపు ఖర్చు. స్క్రీన్, కీబోర్డ్, బాడీ మాత్రం అవే. తీసిన పాత బోర్డుని చిన్న బాక్సులో పెట్టి మినీ పీసీలా కూడా వాడుకోవచ్చు.

మరి షాపాయన ఏం మారుస్తాడు?

మా తమ్ముడికి వచ్చిన సందేహం ఇదే. “మార్చలేమంటే మరి ఆయన రేపటికల్లా ఎలా ఇస్తాడు?”

చాలాసార్లు జరిగేది మదర్‌బోర్డ్ మార్పిడి. అదే మోడల్‌ని కంపెనీ ఐ3తోనూ ఐ5తోనూ అమ్మి ఉంటుంది. స్క్రీన్ పగిలిపోయిన ఐ5 ల్యాప్‌టాప్ ఒకటి షాపుకి వస్తే దాని బోర్డు తీసి మీ దాంట్లో బిగిస్తారు. ఇందులో తప్పేం లేదు. చక్కగా పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. షాపులవాళ్లంతా మోసగాళ్లని నేను అనడం లేదు. బీజీఏ మెషీన్ పెట్టుకుని, చేయి తిరిగిన పనివాళ్లు మన దగ్గర ఉన్నారు. పాడైన గ్రాఫిక్స్ చిప్‌లు మార్చి ల్యాప్‌టాప్‌లు బతికించిన వాళ్లూ ఉన్నారు. నా గొడవల్లా ఒకటే. “ప్రాసెసర్ మారుస్తాం” అంటే ఏం మారుస్తున్నారో ముందే చెప్పాలి.

బోర్డు మారిస్తే మీ దగ్గరున్న బోర్డు వాళ్లకి పోతుంది. అది పనిచేసే బోర్డు, దానికీ విలువుంది. మరి ఆ విలువ 14 వేల్లోంచి తగ్గించారా? వచ్చే బోర్డు ఏ ల్యాప్‌టాప్‌లోది, నీళ్లు పడిందా, ఎన్నాళ్ల గ్యారంటీ? ఐ5 మోడల్‌కి కంపెనీ పెద్ద హీట్‌సింక్ ఇచ్చి ఉంటే అది కూడా ఇస్తున్నారా, లేక మీ చిన్నదే బిగిస్తారా? ఇవన్నీ అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది డేటా. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. దాని తాళం మదర్‌బోర్డ్‌లోని టీపీఎంతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారిన మరుక్షణం నీలం స్క్రీన్ మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో సేవ్ అయి ఉంటుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేకపోతే? మూడేళ్ల నోట్స్, ప్రాజెక్టులు, ఫొటోలు అన్నీ గోవిందా. కంపెనీ వేసిచ్చిన విండోస్ లైసెన్స్ కూడా పాత బోర్డుతోనే ఉంటుంది. కొత్త బోర్డుకి సొంత లైసెన్స్ లేకపోతే ‘యాక్టివేట్ విండోస్’ వాటర్‌మార్క్ స్క్రీన్ మూలన పలకరిస్తుంది.

నేను ఈ బిట్‌లాకర్ మాట చెప్పగానే అవతల కాసేపు చప్పుడు లేదు. “అన్నా, ఆ అకౌంట్ ఏ మెయిల్‌తో పెట్టామో నాకు గుర్తులేదు” అన్నాడు.

స్లో ఎక్కడుందో ముందు చూడండి

వీడియో కాల్‌లో టాస్క్ మేనేజర్ తెరిపించాను. వాడు రోజూ చేసే పనే చేయమన్నా. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, క్రోమ్‌లో ఓ పదిహేను ట్యాబ్‌లు. సీపీయూ 40 శాతం దగ్గర ఊగిసలాడుతోంది. మెమరీ 94 శాతం. ర్యామ్ నిండిపోయి, సిస్టమ్ పక్కన ఎస్ఎస్‌డీని అరువు ర్యామ్‌లా వాడుకుంటోంది. తిట్లన్నీ ప్రాసెసర్‌కి పడుతున్నాయి గానీ నేరం ర్యామ్‌ది.

మెమరీ పేజీలోనే కింద ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని కనిపించింది. అంటే ఒక స్లాట్ ఖాళీ. (కొన్ని మోడల్స్‌లో సోల్డర్ చేసిన ర్యామ్‌ని కూడా స్లాట్ లెక్కలో చూపిస్తుంది. కొనేముందు వెనక మూత విప్పి కళ్లతో చూసుకోవడం మేలు.) ఇంకో 8 జీబీ డీడీఆర్4-3200 స్టిక్ వేయించాం. ఈమధ్య ర్యామ్ రేట్లు మండిపోతున్నా, షాపాయన అడిగిన దాంట్లో సగం కూడా కాలేదు. రెండు స్టిక్‌లు ఉండటం వల్ల డ్యూయల్ చానెల్ కూడా దక్కింది. చిప్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి గేమ్స్‌లో కూడా తేడా తెలుస్తుంది.

మీ దగ్గర సీన్ వేరేగా ఉండొచ్చు. డిస్క్ ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంటే, లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఎస్ఎస్‌డీ వేయండి, మరో ఆలోచన వద్దు. సీపీయూ 100 శాతంలో ఉండి, స్పీడ్ మాత్రం బేస్ స్పీడ్ కన్నా కిందికి పడిపోతుంటే అది వేడి సమస్య. మూడు నాలుగేళ్ల దుమ్ము ఫ్యాన్ దారిని దుప్పటిలా కప్పేసి ఉంటుంది. క్లీనింగ్, కొత్త థర్మల్ పేస్ట్ చేయించండి. వేరే ఛార్జర్ వాడుతుంటే అదీ మార్చి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఛార్జర్‌ని గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ స్పీడ్‌ని బాగా తగ్గించేస్తాయి. వేడి లేదు, ర్యామ్ ఖాళీగా ఉంది, డిస్క్ ఖాళీగా ఉంది, సీపీయూ ఒక్కటే 100 శాతం అంటే మాత్రం ఆ ప్రాసెసర్ మీ పనికి చాలడం లేదు. దానికి వేరే ల్యాప్‌టాప్ తప్ప మందు లేదు.

కొత్తది కొనేవాళ్లు కూడా ఇదే లెక్క పట్టుకోండి. మారనిది ప్రాసెసర్, కాబట్టి బడ్జెట్‌లో ముందు దాని వాటా తీసేయండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చు, స్లాట్ ఉంటేనే సుమా. యాపిల్ ఎం సిరీస్‌లోనూ, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ సిరీస్‌లోనూ ర్యామ్ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. ఆ 200వీ చిప్‌లు 16 జీబీ, 32 జీబీ రెండే రకాలు. కొన్న రోజున ఎంత ఉంటే జీవితాంతం అంతే. స్టిక్కర్ మీద ఐ7 చూసి కూడా పొంగిపోకండి. ఐ7-7500యూలో కోర్‌లు రెండే, ఆ తర్వాత వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. కొత్త ఐ5 పాత ఐ7ని దాటేయడం ఎప్పుడూ ఉన్నదే.

మా తమ్ముడి ల్యాప్‌టాప్ సంగతికొస్తే, ట్యాబ్‌లు ఇప్పుడు ఇరుక్కోవడం లేదు, ఆండ్రాయిడ్ స్టూడియో మర్యాదగా తెరుచుకుంటోంది. ఎమ్యులేటర్ మానేసి తన ఫోన్‌నే కేబుల్‌తో కలిపి యాప్ టెస్ట్ చేయమన్నా, దాంతో ఇంకొంచెం భారం తగ్గింది. బిల్డ్ కొట్టినప్పుడు మాత్రం ఇప్పటికీ నిదానమే. రెండు కోర్‌ల చిప్ అది, ఆ ఒక్కటీ మారదని ముందే చెప్పాను. ఫైనలియర్ దాకా దీంతోనే లాగుతానన్నాడు. మిగిలిన డబ్బు పిన్ని తన దగ్గరే పెట్టుకుంది. వాడు మాత్రం పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుని, రికవరీ కీని నోట్‌బుక్ చివరి పేజీలో రాసి నాకు ఫొటో పంపాడు. నాకు కూడా పంపకూడదురా అని చెప్పి డిలీట్ చేయించాను.